రెండు చేతులూ కనిపించే బొమ్మ

ఒమాన్ దేశంలోని సహం ఊళ్లో నన్ను ఎవరైనా పెయింటర్ అని పిలిస్తే ఒళ్లు మండేది. గోడలకు సున్నం కొట్టేవాడు పెయింటర్. నేను ఆర్టిస్టును. కరీంనగర్‌లో సినిమా హాలు ముందు హాలు కంటే ఎత్తు కటౌట్లు నిలబెట్టినవాణ్ణి. ఆ సంగతి ఎదుటివాడి చెవిన వేసేదాకా నాకు అన్నం సహించేది కాదు. తీరా సహంలో నా డ్యూటీ ఏమిటయ్యా అంటే దుకాణాల బోర్డులు రాయడం. అవి డెబ్బయ్యో దశకం నడిమి సంవత్సరాలు. సముద్రం పక్కగా కొత్త రోడ్డు పడింది. రోడ్డుకు అటూ ఇటూ దుకాణాలు లేస్తున్నాయి. లేచిన ప్రతి దుకాణానికీ ఒక బోర్డు కావాలి. అరబ్బీ నాకు ఒక్క ముక్క రాదు. నన్ను పనికి తెచ్చుకున్న ఒమానీ యజమానిని మేం అర్బాబ్ అనేవాళ్లం. ఆయన కాగితం మీద రాసిస్తే ఆ వంకరలన్నీ ఉన్నవి ఉన్నట్టు రేకు మీదికి ఎక్కించేవాణ్ణి. ఒకసారి కాగితం తలకిందులుగా పట్టుకుని సగం బోర్డు రాసేశాను. బజారంతా నవ్వింది, ఆ వారం నేను టీ దుకాణం వైపు పోలేదు.

బోర్డులు, కటౌట్లు కాక నాకు ఇంకో విద్య ఉండేది. చనిపోయినవాళ్ల బొమ్మలు గీయడం. మా వైపు ఆ రోజుల్లో బతికుండగా ఎవరూ బొమ్మ వేయించుకునేవారు కాదు. ఆ మాటెత్తితేనే పెద్దవాళ్లు తిట్టేవారు. మనిషి పోయి, దినాలయ్యాక, ఇంటివాళ్లు ఏదో పెళ్లి ఫోటో పట్టుకొచ్చేవారు. అందులో గుంపు చివర నిలబడ్డ గోరంత ముఖాన్ని చూపించి, దీన్ని పెద్దగ చెయ్యాలె అనేవారు. పెద్దది చేయడం సులువు. గళ్లు గీసుకుంటే చాలు. అసలు పని ఆ తర్వాత ఉంటుంది. మూసుకున్న కళ్లు తెరవాలి. ఊడిన పళ్లు పెట్టాలి. లోపలికి పోయిన బుగ్గలు నింపాలి. మెల్లకన్ను సరిచేయాలి. జన్మలో బంగారం ముట్టని ముసలమ్మ మెడలో గుండ్లదండ వేయాలి, చొక్కా కూడా తొడగని రైతుకు కోటు తొడగాలి. దాన్ని ఎవరూ అబద్ధమనుకునేవారు కాదు, పోయినవాళ్లకు ఇచ్చే మర్యాద అనుకునేవారు. నేనూ అంతే అనుకున్నాను.

ఆ గర్వంతో ఉండగా హాలండ్ ఇంజనీరు వచ్చాడు. తోటల బావుల్లో ఉప్పునీళ్లు ఎందుకు ఊరుతున్నాయో చూడడానికి వచ్చిన నీళ్ల ఇంజనీరు. పొడుగు మనిషి, ఎండకు ముక్కు ఎప్పుడూ తోలు లేచిపోయి ఉండేది. తన బండి తలుపు మీద అక్షరాలు రాయించుకోవడానికి మా షెడ్డుకు వచ్చి, నేను గీసిపెట్టుకున్న ఒక హీరో ముఖం చూసి, ముఖాలు కూడా గీస్తావా అని అడిగాడు. ఆయన వచ్చీరాని హిందీ, నా వచ్చీరాని ఇంగ్లీషు. గీస్తానన్నాను. అదైనా మామూలుగా అన్నానా, నా అంతవాడు ఈ దేశంలో లేడన్నట్టు అన్నాను.

మర్నాడు వాళ్లమ్మ ఫోటో తెచ్చాడు. ఆ చలికాలంలోనే పోయిందట, తాను వెళ్లలేకపోయాడట. ఫోటోతోపాటు ఒక లావుపాటి పుస్తకం ఇచ్చాడు. అందులో ఉన్నవి వాళ్ల దేశపు పాత బొమ్మలని, ఈ పద్ధతిలో కావాలని చెప్పాడు. నాలుగు పేజీలు తిప్పి చూశాను. నల్లటి బట్టలు, మెడ చుట్టూ పూరీలా పొంగిన తెల్ల కాలర్లు, వెనకంతా చీకటి. నవ్వొచ్చింది. పుస్తకాన్ని మంచం కిందికి తోసి, నా పద్ధతిలో నేను మొదలుపెట్టాను.

పని అయ్యాక ఆయన షెడ్డుకు వచ్చాడు. నేను గుడ్డ తీసి పక్కన నిలబడ్డాను, మెచ్చుకోలు కోసం చేతులు కట్టుకుని మరీ. ఆయన చాలాసేపు చూశాడు.

"చాలా అందంగా ఉంది. ఎవరీమె?" అన్నాడు.

వెటకారం చేస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. మీ అమ్మే అన్నాను. ఆయన ఫోటో తీసి నా బొమ్మ పక్కన పెట్టాడు. ఫోటోలో ఉన్నది ముడతలు పడి, ఎముకలు తేలిన ముసలమ్మ. నా బొమ్మలో ఉన్నది నున్నటి బుగ్గలు, గులాబీ రంగు పెదవులు, మెడలో గొలుసు ఉన్న నడివయసు ఆడమనిషి. మా ఊరి హాల్లో ఆడే సినిమాల్లో అమ్మ వేషం వేసే నటికి అక్కలా ఉంది.

"మా అమ్మ గడ్డం మీద పుట్టుమచ్చ ఉండేది. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టుకుని నిద్రపోయేవాణ్ణి. అది నీకు ఫోటోలో కనిపించలేదా?"

"కనిపించింది. అందుకే తీసేశాను" అన్నాను.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది, తిరిగి నాలుగు మాటలనేవాణ్ణి. తప్పు తనదే అన్నట్టు, సరిగ్గా చెప్పలేకపోయానేమో అంటూ సర్దుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కటౌట్లు గీసిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుడ్డతో తుడిచిందే తుడిచాను. ఆయన వెళ్లిపోబోయి, మళ్లీ వచ్చి, నా స్టూలు మీద కూర్చుని, ఆ పుస్తకం తీసుకురా అన్నాడు. మంచం కింద నుంచి దుమ్ము దులిపి తేవడం కూడా ఆయన కళ్లముందే జరిగింది.

ఆ సాయంత్రం, ఆ తర్వాత ఇంకొన్ని సాయంత్రాలు, ఆయన ఆ బొమ్మల కథ చెప్పాడు. మూడు వందల ఏళ్ల కిందట వాళ్ల దేశంలో బొమ్మలు వేయించుకున్నది రాజులు కాదట. బట్టల వర్తకులు, బీరు కాచేవాళ్లు, ఓడలవాళ్లు. అదీ బతికుండగానే. పెళ్లయితే మొగుడిదొకటి, పెళ్లాందొకటి జోడీగా వేయించుకుని గోడకు పక్కపక్కన తగిలించుకునేవారట. ఊరికి కాపలా కాసేవాళ్లు అందరూ కలిసి ఒకే పెద్ద బొమ్మ వేయించుకునేవారట. వెనక పడ్డవాడు నా ముఖం సగమే పడిందని గోల చేసి ఉండడూ అని నేనంటే, చేసే ఉంటాడని ఆయన నవ్వాడు. ఒక చిత్రకారుడు నవ్వేవాణ్ణి నవ్వుతుండగానే పట్టుకున్నాడు. దగ్గర నుంచి చూస్తే ఉత్త కుంచె గీతలు, దూరం జరిగితే మనిషి. అది చూసి నా ప్రాణం కాస్త లేచొచ్చింది, కటౌట్ల పనిలో మాకూ ఆ కిటుకు తెలుసు కాబట్టి. ఒక ఆడమనిషి గీసినవాటిని మగవాడి పేరు మీద చాలాకాలం చలామణీ చేశారట. ఇంకొకాయన కుర్రతనం నుంచి ముసలితనం దాకా తన ముఖాన్నే గీసుకుంటూ పోయాడు. చివరి బొమ్మలో ముక్కు ఉబ్బి, కళ్ల కింద సంచులు జారి, దివాలా తీసిన మనిషి మన వైపే చూస్తుంటాడు. ఒక్క ముడత దాచుకోలేదు.

"అందరూ ఇట్లనే గీసిండ్రా సాబ్?" అని అడిగాను.

"ఎక్కడ? నున్నగా గీసేవాళ్లకే గిరాకీ. ఈ పెద్దమనిషికి చివర్లో గిరాకీ తగ్గిపోయింది" అన్నాడు.

అక్కడా అంతేనన్నమాట అనుకున్నాను. అయితే పుస్తకం వదలబుద్ధి కాలేదు. నా డబ్బాల్లో ఉన్న గులాబీ, నీలం వాటిలో ఎక్కడా లేవు. తెలుపు, నలుపు, ఎర్రమన్ను, పసుపుమన్ను, దాదాపు వాటితోనే మనుషుల్ని చేశారు. నలుపంటే ఒకటే అనుకున్న నాకు పట్టుబట్ట నలుపు వేరు, ఉన్ని నలుపు వేరు, వెనక చీకటి నలుపు వేరని తెలిసొచ్చింది. చేతులు చూడమన్నాడు ఆయన. ముఖం మీద ఎంత మనసు పెట్టారో చేతుల మీదా అంతే పెట్టారని, కొన్ని బొమ్మల్లో ముఖం కప్పి చేతుల్నే చూసినా మనిషి ఎలాంటివాడో తెలుస్తుందని అన్నాడు. తలూపాను. అప్పుడు అర్థమైందనే అనుకున్నాను.

వాళ్లమ్మ బొమ్మను మళ్లీ గీశాను, అదే కాన్వాసు గుడ్డ మీద, పాత ముఖం గోకేసి. ముడత ముడతకూ సిగ్గుపడుతూ గీశాను. పుట్టుమచ్చ పెట్టాను. ఈసారి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కొన్నాళ్లకు ఆయన పని అయిపోయి ఇంకో దేశం వెళ్లిపోతూ, మిగిలిన ఆయిల్ రంగుల ట్యూబులు, ఆ పుస్తకం నాకే ఇచ్చాడు. దాంతో నాకు కొమ్ములొచ్చాయి. రూములో ఎవడు దొరికితే వాడికి హాలండ్ బొమ్మల గురించి ఉపన్యాసం. ముఖం ఎలా ఉంటే అలా గీయాలి, అబద్ధం గీసేవాడు ఆర్టిస్టే కాదు, ఇలాంటివి. మొన్నటిదాకా ముసలమ్మలకు గొలుసులు వేసిన నోరే అది.

ఆ ఉపన్యాసాలన్నీ ఓపికగా విన్నవాడు మా రూములోని మేస్త్రీ ఒక్కడే. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ఊళ్లో తాపీ పనిలో పేరున్నవాడు. సహంలో సిమెంటు బ్లాకులు చేసే చోట పని. నేను వచ్చేముందే ఆయన ఎడమ చేతి చివరి రెండు వేళ్లు బ్లాకుల మిషన్‌లో పోయాయి. అప్పటి నుంచి తాపీ పట్టడం లేదు. ఆరబెట్టిన బ్లాకులకు పైపుతో నీళ్లు కొట్టే పని ఇచ్చారు. ఆ చేతికి ఎప్పుడూ ఒక తువ్వాల చుట్టుకునేవాడు. అన్నం తినేటప్పుడు కూడా ఎడమ చెయ్యి ఒళ్లోనే ఉండేది. ఇంట్లో ఆ సంగతి తెలియదు. ఆయనకు రాయడం రాదు కాబట్టి ఉత్తరాలు రాసేది నేనే, అంతా క్షేమం అని రాసేది కూడా నేనే.

అలా సాగిపోయేదేమో. కానీ సెలవు మీద ఊరికి పోయినవాడెవడో అంగట్లో నోరు జారాడు, సహంలో మనవాళ్లలో ఒకాయనకు మిషన్‌లో చెయ్యి పోయిందని. పేరు చెప్పలేదు. అది ఊళ్లో మేస్త్రీ భార్య, మా వదిన చెవిన పడింది. ఆమె ఎవరిచేతో రాయించిన ఉత్తరం వచ్చింది. ఎప్పుడూ పొడుగ్గా ఉండే ఉత్తరం ఈసారి పొట్టిగా ఉంది. రెండు చేతులూ కనిపించేలా ఫోటో దిగి పంపు, అంతే. నేను చదువుతుంటే మేస్త్రీ తువ్వాల ఇంకా బిగించుకున్నాడు. ఆ తర్వాత కొన్ని రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఒక శుక్రవారం నేను పుస్తకం తిరగేస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తమ్మీ, నువ్వు నా బొమ్మ గియ్యాలె."

"గీస్తనే. కూసో."

"ఉన్నట్టు గాదు. రెండు చేతులు టేబుల్ మీద పెట్టినట్టు. అయిదయిదు వేళ్లు ఉండాలె."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా ఏ గోడకు చెప్పినట్టు? ఫోటో దిగు, ఉన్న సంగతి చెప్పు, పోయింది రెండు వేళ్లే కదా అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాను గానీ ఆయన పట్టించుకోలేదు.

"చెప్తే రమ్మంటది. పోతే మళ్ల రానియ్యదు. పిల్లలు బడికి పోతున్నరు. ఇంకొన్ని దినాలు గడవని, నేనే పోయి చూపిచ్చుకుంట. గప్పటిదాక ఆమె కడుపు నిండ తినాలె."

"అబద్ధం గియ్యనన్నా. గిప్పుడు నేను గట్ల గీస్త లేను."

మేస్త్రీ నా చేతిలోని పుస్తకం తీసి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఊళ్లె సచ్చినోళ్లకు పండ్లిచ్చినవ్, కండ్లిచ్చినవ్, బంగారమిచ్చినవ్. బతికున్నోనికి రెండు వేళ్లు ఇయ్యవా తమ్మీ?"

ఒప్పుకున్నాను. జాలితో ఒప్పుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది. జాలి ఉంది. దానికంటే ఎక్కువగా, హాలండ్ పద్ధతిలో ఒక మొత్తం మనిషిని, చేతులతో సహా గీసే అవకాశం వచ్చిందన్న ఆశ ఉంది.

మా రూముకు ఒక్క కిటికీ. ఇసుక రాకుండా దానికి అట్ట కొట్టేశాం. వెలుతురు తలుపు వైపు నుంచే పడేది. ఆ పుస్తకంలో కూడా వెలుతురు ఒక పక్క నుంచే. శుక్రవారాలు ఆయన్ని తలుపు పక్కన కూర్చోబెట్టి గీశాను. ముఖం విషయంలో ఒక్క వెంట్రుక దాచలేదు. ఎండకు మాడిన నుదురు, సిమెంటు దుమ్ముకు ఎర్రబారిన కళ్లు, దవడ కింద వదులైన చర్మం, నెరిసిన గడ్డం అన్నీ గీశాను. వెనక చీకటి పెట్టాను. కుడి చేతిని ఉన్నదున్నట్టు గీశాను, సున్నం తిన్న గోళ్లతో సహా. ఎడమ చెయ్యి మాత్రం ఆయన తువ్వాలలోనే ఉంచుకున్నాడు. తీయమని నేను అడగలేదు. దాన్ని చూడడం నాకు ఇష్టం లేదు. ఆయన డ్యూటీకి పోయినప్పుడు అద్దం ముందు నా ఎడమ చేతిని టేబుల్ మీద పెట్టుకుని, అద్దంలో మారిన కుడిఎడమలు సరిచేసుకుంటూ గీశాను. రంగు ముదురు చేసి ఆయన చేతిలో కలిపేశాను. వేళ్ల చివర్ల మీద వెలుతురు చుక్కలు పెట్టాను. ఎంత బాగా వచ్చాయంటే, ఆ వేళ్లను చూసుకుని నేనే మురిసిపోయాను.

మేస్త్రీ బొమ్మను చూసి ముఖం గురించి ఏమీ అనలేదు. ఆ ఎడమ చెయ్యి దగ్గర వంగి, చాలాసేపు చూశాడు.

"మంచిగున్నయి" అన్నాడు.

మా రూములోనే ఉండే లారీ డ్రైవర్ సెలవు మీద పోతున్నాడు. మేస్త్రీ పక్క ఊరివాడు. బొమ్మను చుట్టి అతనికిచ్చాం. మేస్త్రీ అతని చేత ఒట్టు పెట్టించుకున్నాడు. వేళ్ల మాట ఎత్తొద్దు, అడిగితే అన్నీ ఉన్నాయని చెప్పు అని. ఉత్తరం నేను రాసిచ్చాను. ఇక్కడ ఫోటో తీసేవాళ్లు దొరకలేదు, మనవైపు ఆర్టిస్టు ఒకాయన ఉంటే బొమ్మ గీయించాను అని. మనవైపు ఆర్టిస్టు అన్న మాట ఆయన చెప్పలేదు, నేనే చేర్చుకున్నాను.

డ్రైవర్ సెలవులో ఉన్న రెండు నెలలూ మేస్త్రీ కులాసాగా ఉన్నాడు. నాకైతే కాలు నేల మీద ఆనలేదు. నా బొమ్మ మా ప్రాంతంలో గోడకెక్కుతుంది, అది చనిపోయినవాడిది కాదు, బతికున్నవాడిది. ఆ లెక్కన మా వైపు అది నేను తెచ్చిన కొత్త పద్ధతి అనుకుంటూ తిరిగాను.

డ్రైవర్ తిరిగొచ్చిన రోజు మేం టీ పెట్టుకుని ఎదురుచూస్తున్నాం. వచ్చి సంచి దింపాడు. మేస్త్రీ కళ్లలోకి చూడలేదు. బొమ్మ నచ్చిందా అని నేనే ఆత్రంగా అడిగాను. అతను మంచం అంచున కూర్చుని, నా వంక చూడకుండా, మేస్త్రీకి చెప్పడం మొదలుపెట్టాడు.

"బొమ్మ విప్పంగనే అక్క ముందుగాల ముఖం చూసింది. ఎంత గుంజుకపోయిండు అన్నది. ఏడ్వలే. నేను గండం గడిచిందనుకున్న. అటెన్క ఎడమ చెయ్యి మీద వేలు పెట్టింది. ఈ వేళ్లు ఎవరియి అన్నది. మీ ఆయనయే అన్న. ఆయన వేళ్లు నాకు తెల్వయా, ఇవి సున్నం ముట్టని వేళ్లు, ఇవి ఎవరియో చెప్పు అన్నది."

నేను నా ఎడమ చేతిని మెల్లగా తొడ కింద పెట్టుకున్నాను.

"ఒట్టు గూడ పెట్టిన అన్నా, అన్ని ఉన్నయని. ఇనలే. ఇగ దాచుడు నాతోని కాలే. రెండు వేళ్లు పోయినయి, మనిషి మంచిగున్నడు అని చెప్పేసిన. గప్పుడు ఇంకింత కరాబయ్యింది. పొద్దుగాల ఉన్నయంటివి, గిప్పుడు లేవంటివి, రేపేమంటవు అన్నది. ఉత్తరంల అక్షరాలు ఆయనయి గావు, బొమ్మల వేళ్లు ఆయనయి గావు, మరి ఆయనది ఏం పంపిండ్రు నాకు అన్నది. ఊళ్లోళ్లు గూడ అదే మాట. బతికున్నోని బొమ్మ ఎవడు గీపిస్తడు అని. కంపెనీ వాళ్లే గీపించి పంపిండ్రని అంటున్నరు."

ఇంకేమన్నదని మేస్త్రీ అడిగాడు.

"నేను వచ్చేనాడు బస్సు కాడికి వచ్చింది. లడాయి పెట్టుకోలే. మెల్లగ అడిగింది. ఒక్కటి చెప్పు తమ్మీ, బొట్టు పెట్టుకోవాల్నా తుడుచుకోవాల్నా, గదొక్కటి నిజం చెప్పిపో అన్నది."

ఆ మాట విన్నాక నేను ఆ రూములో ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. ముఖం అంత నిజంగా గీశానని మురిసిన నేను, పక్కనే నా వేళ్లు అతికించి, ఆ ముఖాన్ని కూడా ఎవరూ నమ్మకుండా చేశాను. చనిపోయినవాళ్లకు చేసే మర్యాద బతికున్న మనిషికి చేశాను. మా వైపు ఆడమనిషి ఆ మర్యాదను చూసి ఏమనుకుంటుందో అందరికంటే ముందు తెలియాల్సింది నాకు. ఏళ్ల తరబడి అవే గీసినవాణ్ణి. మేస్త్రీ నన్ను ఒక్క మాట అంటాడని చూశాను. ఆయన తువ్వాల వైపు చూస్తూ కూర్చున్నాడు. టీ అలాగే చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున మేస్త్రీ తన అర్బాబ్‌ను సెలవు అడిగి వచ్చాడు. పక్కనున్న సొహార్ పట్నంలో ఫోటో స్టూడియో ఉందట కదా, నువ్వు కూడా రా తమ్మీ అన్నాడు. నేనెందుకని నసిగాను. నిజానికి ఆయన పక్కన నడవడానికి నాకు ముఖం చెల్లలేదు. రమ్మంటే రా అన్నాడు. డ్రైవర్ లారీలోనే పోయాం. దారిలో నేను ఏదో సంజాయిషీ మొదలుపెట్టి మధ్యలోనే మింగేశాను. ఆయన కిటికీలోంచి ఖర్జూర తోటలు చూస్తూ కూర్చున్నాడు.

స్టూడియో నడిపేది ఒక కేరళ ఆయన. వెనకాల జలపాతం తెర. గోడకు ఒక కోటు, ఒక టై తగిలించి ఉన్నాయి, కావలసినవాళ్లు వేసుకోవడానికి. మేస్త్రీ కోటు వద్దన్నాడు. ఒక టేబుల్ అడిగాడు. స్టూలు మీద కూర్చుని తువ్వాల విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. కేరళ ఆయన ఆ చెయ్యి చూసి, మంచివాడు, చప్పుడు చేయకుండా దగ్గరికొచ్చి హిందీలో, ఎడమ చెయ్యి కిందికి పెట్టుకో భాయ్, ఫోటోలో తెలియనివ్వను అన్నాడు. నేనూ అదే రకం మంచివాణ్ణి కాబట్టి తలెత్తలేకపోయాను.

"లేదు. రెండు చేతులు కనవడాలె" అన్నాడు మేస్త్రీ తెలుగులోనే.

రెండు చేతులూ టేబుల్ మీద పెట్టాడు. కానీ ఎడమ చెయ్యి అలవాటు కొద్దీ ముడుచుకుపోతోంది. విప్పితే మళ్లీ ముడుచుకుంటోంది. రెండు మూడుసార్లు ప్రయత్నించి నా వంక చూశాడు.

"తమ్మీ, నువ్వు పెట్టు. వెలుతురు యాడ పడ్తదో నీకెర్క."

దగ్గరికి వెళ్లాను. అన్ని శుక్రవారాలు ఆ మనిషి ఎదురుగా కూర్చుని గీశాను, కానీ ఆ చేతిని చూడడం అదే మొదటిసారి. రెండు వేళ్లు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయాయి. అక్కడి చర్మం పల్చగా, ఎర్రగా, మెరుస్తూ ఉంది. మిగిలిన వేళ్ల పగుళ్లలో ఎన్ని నీళ్లు కొట్టినా పోని సిమెంటు ఉంది. ఎక్కడ పట్టుకోవాలో తెలియక కొసలతో తాకీ తాకకుండా పట్టుకున్నాను.

"నొయ్యది తమ్మీ, గట్టిగనే పట్టుకో" అన్నాడు.